అలీఫ్ లైలా కథను కత్తెరతో సినిమా తీసిన లోటె రైనిగర్

ప్రపంచంలో మొట్టమొదటి ఫుల్ లెంగ్త్ కార్టూన్ సినిమా ఏది అని అడిగితే చాలామంది ఆలోచించకుండా వాల్ట్ డిస్నీ పేరు చెప్తారు. 1937 డిసెంబర్‌లో వచ్చిన 'స్నో వైట్' గుర్తొస్తుంది. టామ్ అండ్ జెర్రీలో ఏ ఎపిసోడ్ ఎప్పుడు వచ్చిందో లెక్క చెప్పగలిగే కార్టూన్ అభిమానులు కూడా చాలాసార్లు అక్కడే ఆగిపోతారు. కానీ స్నో వైట్ కంటే పదకొండేళ్ల ముందే, మిక్కీ మౌస్ 'స్టీమ్‌బోట్ విల్లీ'తో జనం ముందుకు రావడానికి రెండేళ్ల ముందే, బెర్లిన్‌లో ఒక బొమ్మల సినిమా తెరకెక్కింది. గంటకు పైగా నడిచే ఆ సినిమా హీరో షెహజాదా అహ్మద్. అతను ఎక్కింది ఎగిరే గుర్రం, మనసిచ్చింది పరీ బానుకి. ఆ సినిమా తీసిన లోటె రైనిగర్‌కు అప్పటికి ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. ఆమె దగ్గరున్న పెద్ద పరికరం ఒక కత్తెర.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పుకోవాలి. అంతకంటే ముందు 1917లో అర్జెంటీనాలో కిరినో క్రిస్టియాని అనే ఆయన ఒక పెద్ద కార్టూన్ సినిమా తీశారు. అది ఇప్పుడు ఎక్కడా లేదు. కాబట్టి ఇవాళ మనం కూర్చుని చూడగలిగే ఫుల్ లెంగ్త్ యానిమేషన్ సినిమాల్లో అన్నిటికంటే పాతది లోటె తీసిన 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు'. అది కూడా ఒక దశలో పోయినట్టే అయింది. ఆ సంగతి తర్వాత.

లోటె 1899 జూన్ 2న బెర్లిన్‌లోని షార్లొటెన్‌బుర్గ్ ప్రాంతంలో పుట్టింది. పూర్తి పేరు షార్లొటె. తండ్రి బ్యాంకు ఉద్యోగి. నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి మనుషుల నీడబొమ్మలు చేయడం అప్పటి జర్మనీలో ఇళ్లలో పిల్లలు నేర్చుకునే పనుల్లో ఒకటి. మన దగ్గర ముగ్గు వేయడం, మెహందీ పెట్టడం నేర్చుకున్నట్టే అనుకోవచ్చు. తేడా ఏంటంటే లోటె చేతికి అది మామూలుగా అబ్బలేదు. ముందు గీత గీసుకోకుండానే, కాగితం తిప్పుకుంటూ నేరుగా కత్తిరించేసేది. అలా కత్తిరించిన బొమ్మలతో ఇంట్లోనే ఒక చిన్న నీడల థియేటర్ కట్టుకుంది. అందులో షేక్‌స్పియర్ నాటకాలు వేసి ఇంట్లోవాళ్లకు, స్నేహితులకు చూపించేది.

దీనికి తోడు సినిమా పిచ్చి పట్టుకుంది. అప్పటికి సినిమా కూడా లోటె వయసుదే. ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ తీసే ట్రిక్ సినిమాలు, మనుషులు మాయమవడం, తలలు ఎగరడం, చంద్రుడి మీదకు వెళ్లడం లాంటివి చూసి ఆ అమ్మాయి మైమరచిపోయేది. తర్వాత నటుడు, దర్శకుడు పాల్ వెగెనర్ మీదకు మనసు మళ్లింది. 1915లో వెగెనర్ బెర్లిన్‌లో ఒక ప్రసంగం చేశారు. నాటకం చేయలేనిది కెమెరా చేయగలదని, ట్రిక్ సినిమాకు చాలా భవిష్యత్తు ఉందని ఆ ప్రసంగం సారాంశం. పదహారేళ్ల లోటె అది విని ఇంటికొచ్చింది. ఇక ఆయన దగ్గరికి ఎలాగైనా చేరాలనుకుంది.

వెగెనర్ పనిచేసేది మాక్స్ రైన్‌హార్ట్ నాటక సంస్థలో. అక్కడ నటన నేర్పే స్కూల్ ఉంది. అమ్మానాన్నలను ఒప్పించి అందులో చేరిపోయింది. నటన మీద ఆశ కొంత, వెగెనర్ కంట్లో పడాలన్న ఆశ ఎక్కువ. స్టేజీ పక్కన తెరల వెనుక నిలబడి, ఎదురుగా నటిస్తున్నవాళ్ల నీడబొమ్మలు కత్తిరించడం మొదలుపెట్టింది. ఏ నటుడు ఏ భంగిమలో ఉన్నాడో బొమ్మ చూడగానే తెలిసిపోయేది. తమ బొమ్మ తాము చూసుకుని మురిసిపోని నటులు ఎవరుంటారు? ఆ బొమ్మలు వెగెనర్ దాకా వెళ్లాయి. ఆయన తన సినిమాల్లో మాటల కార్డులకు బొమ్మలు కత్తిరించే పని ఆమెకు ఇచ్చారు. మూకీ సినిమాల్లో సీన్ల మధ్య వచ్చే ఆ కార్డులే ఆమె మొదటి సినిమా పని.

1918లో వెగెనర్ 'హామెలిన్ ఎలుకల వేటగాడు' తీశారు. పిల్లంగోవి ఊదుతూ పోతుంటే ఊళ్లోని ఎలుకలన్నీ వెంట వెళ్లే కథ. నిజం ఎలుకలు తెచ్చారు, అవి చెప్పినట్టు వింటాయా! గినీ పందులతో చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు. చివరికి చెక్క ఎలుకలు చేయించి, వాటిని కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫ్రేమ్ ఫొటో తీశారు. తెర మీద చూస్తే ఎలుకల దండు నడిచిపోయింది. ఆ జరిపే పనిలో లోటె ఉంది. ప్రాణం లేని వస్తువును నడిపించడం ఎలాగో ఆమెకు ఇక్కడే తెలిసింది.

మరుసటి ఏడాది వెగెనర్ ఆమెను బెర్లిన్‌లో ప్రయోగాత్మక సినిమాలు తీసే ఒక ఇన్‌స్టిట్యూట్‌కు పరిచయం చేశారు. హన్స్ క్యుర్లిస్ నడిపే ఆ సంస్థలోనే 1919లో ఆమె తన మొదటి నీడల సినిమా చేసింది. ఇద్దరు ప్రేమికులు, వాళ్ల మనసును బట్టి ఆకారం మార్చుకునే ఒక అలంకారం, అంతే కథ. కొన్ని నిమిషాల బొమ్మే అయినా జనం మెచ్చారు. అక్కడే కార్ల్ కోచ్ పరిచయమయ్యాడు. 1921లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. అప్పటి నుంచి ఆమె సినిమాలకు కెమెరా, లెక్కాపత్రం, నిర్మాణం పనులు ఎక్కువగా కోచ్‌వే. బొమ్మ ఆమెది.

కడుపు నింపుకోవడానికి యాడ్ ఫిల్ములు కూడా చేసింది. 1922లో నివియా క్రీమ్ కోసం చేసిన ఒక ప్రకటనలో బొమ్మలు నల్లగా కాకుండా తెల్లగా, వెనుక నలుపు ఉంటుంది. ముఖం తెల్లబడే క్రీమ్ కాబట్టి అలా అనుకుని ఉంటారేమో! అదే ఏడాది సిండ్రెల్లా కథ కూడా తీసింది.

ఆమె పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే కంప్యూటర్‌లో మౌస్ తిప్పితే బొమ్మ కదిలే రోజుల్లో ఉన్నవాళ్లకు ఈ కష్టం ఊహకు అందదు. ఒక మనిషి బొమ్మ కావాలంటే తల, మెడ, చేతులు, మోచేతులు, నడుము, కాళ్లు ఇలా విడివిడిగా నల్ల అట్టతో, పల్చటి సీసం రేకుతో కత్తిరించాలి. వాటిని సన్నటి తీగతో కీళ్ల దగ్గర కట్టాలి. సీసం ఎందుకంటే బరువుకు బొమ్మ కదలకుండా ఉంటుంది. ఆ బొమ్మను గాజు బల్ల మీద పడుకోబెట్టాలి. కింద నుంచి లైటు, పై నుంచి కిందకు చూసే కెమెరా. ఒక ఫొటో తీయాలి. చెయ్యి వెంట్రుక వాసి జరపాలి. మళ్లీ ఫొటో. ఒక్క సెకను కదలికకు ఇరవైకి పైగా ఫొటోలు పడతాయి. ఒక్కచోట చెయ్యి వణికినా ఆ ముక్క మొత్తం పారేసి మొదటి నుంచి చేయాల్సిందే.

వెనుక కనిపించే కొండలు, మహళ్లు, మేఘాలు పల్చటి కాగితాల పొరలతో చేసేది. ఒక పొర ఉన్నచోట వెలుగు ఎక్కువ, నాలుగు పొరలున్నచోట తక్కువ. అలా దూరం, దగ్గర తెలుస్తాయి. గాజు పలకలను ఒకదానిపై ఒకటి అంతస్తుల్లాగా పెట్టి, ఒక్కో అంతస్తులో ఒక్కో దృశ్యం పరిచే ఏర్పాటు కూడా చేసుకున్నారు. డిస్నీ స్టూడియో 1937లో 'ది ఓల్డ్ మిల్'తో చూపించి పేరు తెచ్చుకున్న మల్టీప్లేన్ కెమెరా కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. డిస్నీది పెద్ద యంత్రం, పెద్ద సిబ్బంది. లోటెది ఒక బల్ల.

మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇదంతా దగ్గరగానే అనిపిస్తుంది. అయితే మన తోలుబొమ్మలో రంగులుంటాయి, తోలు గుండా వెలుగు వస్తుంది, ఆడించేవాడి పాట, మాట తోడుంటాయి. లోటె బొమ్మ పూర్తి నలుపు. కళ్లు లేవు, ముఖంలో హావభావం లేదు. కోపమైనా సిగ్గైనా మెడ వంపులో, వేళ్ల కదలికలో చూపించాలి. ఆమె ఆ పని ఎంత బాగా చేసిందంటే, కాసేపటికి ముఖం లేదన్న సంగతే మర్చిపోతాం.

1923లో లూయిస్ హాగెన్ అనే బ్యాంకర్ ఆమె దగ్గరకొచ్చారు. ఈ భాగం అర్థం కావాలంటే అప్పటి జర్మనీ డబ్బు పరిస్థితి తెలియాలి. మొదటి ప్రపంచ యుద్ధం ఓడిపోయి, నోట్లు ముద్రిస్తూ పోయిన దేశంలో మార్కు విలువ గంటగంటకూ పడిపోతోంది. 1923 నవంబర్ నాటికి ఒక అమెరికన్ డాలర్‌కు 4.2 లక్షల కోట్ల మార్కులు. జీతం చేతిలో పడగానే రొట్టె కొనుక్కోకపోతే సాయంత్రానికి అదే డబ్బుకు సగం రొట్టె రాదు. ఇలాంటప్పుడు డబ్బున్నవాళ్లు ఏం చేస్తారు? నోట్లు దాచుకోరు, సరుకు కొని పెట్టుకుంటారు. మన దగ్గర బంగారం, ప్లాటు కొన్నట్టు. హాగెన్ కొన్న సరుకు వాడని ఫిల్మ్ రీళ్లు. పెద్ద ఎత్తున కొని పెట్టుకున్నారు. ఆ రీళ్లు ఊరికే పడి ఉండే బదులు వాటితో ఒక పెద్ద సినిమా ఎందుకు తీయకూడదని ఆయన లోటెను అడిగారు.

అప్పటికి కార్టూన్ అంటే పది నిమిషాల నవ్వుల ముక్క. అసలు సినిమాకు ముందు వేసేది. గంటసేపు జనం కూర్చుని బొమ్మలు చూస్తారని సినిమావాళ్లు ఎవరూ నమ్మలేదు. హాగెన్ మాత్రం పోట్స్‌డామ్‌లో తన ఇంటి దగ్గర గ్యారేజీ పైన ఉన్న గదిని స్టూడియోగా ఇచ్చేశారు. పైకప్పు మరీ కిందకు ఉంది. కెమెరాకు ఎత్తు చాలడానికి గాజు బల్లను దాదాపు నేల మీదే పెట్టారు. పనిచేసేవాళ్లు పాత కారు సీటు మీద మోకాళ్లు ఆన్చి వంగి చేయాల్సి వచ్చింది. 1923 నుంచి 1926 దాకా మూడేళ్లు అలాగే గడిచాయి.

కథ కోసం ఆమె అలీఫ్ లైలాను, అంటే వెయ్యిన్నొక్క రాత్రులను ఎంచుకుంది. ఎగిరే గుర్రం, పరీలు, భూతాలు, కెమెరా ముందు మనుషులతో చేయలేని పనులన్నీ అందులో ఉన్నాయి. ఖలీఫా పుట్టినరోజున ఒక మాంత్రికుడు మాయ గుర్రం తెస్తాడు. దానికి బదులుగా ఖలీఫా కూతురు దీనార్‌జాద్‌ను అడుగుతాడు. అన్న అహ్మద్ అడ్డుపడతాడు. మాంత్రికుడు అతన్ని గుర్రం ఎక్కించి గాల్లోకి పంపేస్తాడు. పైకి పోవడం తెలుసు, దిగడం తెలియదు. చుక్కల్లోకి వెళ్లిపోయి ఎలాగో మీట కనిపెట్టి వాక్‌వాక్ దీవుల్లో దిగుతాడు. అక్కడ ఈక దుస్తులతో ఎగిరొచ్చే పరీ బాను కనిపిస్తుంది. తర్వాత చైనా, మండే కొండ మంత్రగత్తె, అలాదీన్, దీపం, భూతాల యుద్ధం. మాంత్రికుడు, మంత్రగత్తె ఒకరి మీద ఒకరు రూపాలు మార్చుకుంటూ కలబడే సీన్ ఉంటుంది. సింహం, పాము, తేలు, కోడిపుంజు ఇలా మారిపోతూనే ఉంటారు. విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్లు ఆ సీన్‌కు లేచి ఈల వేస్తారు.

ఈ కథల వెనుక ఇంకో కథ ఉంది. అలాదీన్ గానీ, షెహజాదా అహ్మద్, పరీ బాను కథ గానీ పాత అరబీ రాతప్రతుల్లో ఉన్నవి కావు. 1709లో పారిస్‌లో సిరియాలోని హలబ్, అంటే అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు ఫ్రెంచ్ అనువాదకుడు గాలాండ్‌కు నోటితో చెప్పినవి. గాలాండ్ వాటిని తన పుస్తకంలో కలిపారు. చెప్పినవాడి పేరు పుస్తకంలో రాలేదు. గాలాండ్ రాసిన అహ్మద్ కథలో ఎగిరే తివాచీ కూడా ఉంది. అహ్మద్ అన్న హుసేన్ దాన్ని కొనేది బిస్నగర్ అనే ఊళ్లో. మన విజయనగరాన్ని యూరప్ వాళ్లు పిలిచిన పేరు అది. లోటె సినిమాలో ఆ తివాచీ లేదు, గుర్రమే ఉంది. కానీ ఆ కథ పుట్టుకలో మన దక్కన్ నీడ ఒకటుందని తెలుసుకుంటే బాగుంటుంది.

ఇంత మెచ్చుకుంటూనే ఒక మాట అనాలి. ఈ సినిమాలో కనిపించే తూర్పు దేశాలు యూరప్ వాళ్ల కలలోవి. బాగ్దాద్ అంటే గుమ్మటాలు, చైనా అంటే నెత్తి మీద జడ, పొడుగు మీసాలు. దుర్మార్గుడైన మాంత్రికుడిని ఆఫ్రికావాడని ప్రత్యేకంగా చెప్పడం ఇప్పుడు చూస్తే ముల్లులా గుచ్చుకుంటుంది. స్నానం చేస్తున్న పరీ బట్టలు దాచేసి ఆమెను పట్టుకెళ్లే షెహజాదా హీరోయిజం కూడా ఇవాళ మింగుడు పడదు. మన జానపద కథల్లోనూ దేవకన్య చీర దాచే రాకుమారులు ఉన్నారు కాబట్టి ఒక్క లోటెనే అనడానికీ లేదు. అయితే ఒకటి గమనించాలి. ఆ సినిమాలో అరబ్ షెహజాదా నవ్వులాటకు పెట్టిన పాత్ర కాదు. ప్రేమ, భయం, పట్టుదల ఉన్న మనిషి. ఆ రోజుల్లో పడమటి సినిమాల్లో అది తక్కువే.

స్టూడియోలో జనం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. లోటె, కోచ్, మరో నలుగురు. వాల్టర్ రుట్‌మన్ మాయలు, మంటలు చేశాడు. వాటి కోసం ఓస్కార్ ఫిషింగర్ తయారుచేసిన మైనం కోసే యంత్రాన్ని వాడాడు. రంగురంగుల మైనం ముద్దను పొర పొరగా కోస్తూ ఫొటోలు తీస్తే పొగ సుళ్లు తిరుగుతున్నట్టు ఉంటుంది. బెర్తోల్డ్ బార్టోష్ సముద్రం అలలు చేశాడు. వోల్ఫ్‌గాంగ్ జెల్లర్ సంగీతం సినిమాతో పాటే రాసుకుంటూ వచ్చాడు. లోటె బొమ్మలన్నీ తానే కత్తిరించేది.

సినిమా పూర్తయ్యాక వేయడానికి హాలువాళ్లు ముందుకు రాలేదు. చివరికి 1926 మే 2న, ఆదివారం, బెర్లిన్‌లోని ఫోక్స్‌బ్యూనె నాటకశాలలో వాళ్లే పూనుకుని ప్రదర్శన వేశారు. హాలు నిండింది. సీన్ల మధ్య చప్పట్లు పడ్డాయి. జులైలో పారిస్ వెళ్లింది. అక్కడ దర్శకుడు జాన్ రెన్వా ఈ సినిమాకు అభిమాని అయిపోయాడు. ఆ అభిమానం స్నేహమై లోటె, కోచ్ దంపతులకు కష్టకాలంలో గూడు ఇచ్చింది. సెప్టెంబర్‌లో బెర్లిన్ పెద్ద థియేటర్‌లో విడుదలైంది.

దాని తర్వాత 1928లో డాక్టర్ డూలిటిల్ కథలు తీసింది. మనుషులతో కూడా ఒక సినిమా మొదలుపెట్టింది. అది పూర్తయ్యేసరికి టాకీలు వచ్చేశాయి. మూకీగా తీసినదానికి మాటలు అతికిస్తే అతకలేదు, సినిమా పోయింది. మళ్లీ తన నీడల దగ్గరకే వచ్చి, 'కార్మెన్', 'పాపాగెనో' లాంటి సంగీతం చుట్టూ అల్లిన చిన్న సినిమాలు చేసింది. ఆమె పనితనం చూడాలంటే 'పాపాగెనో' పది నిమిషాలు చాలు. పిట్టలు పట్టేవాడి చుట్టూ ఎగిరే పక్షుల్లో ఒక్కటి కూడా ఇంకోదానిలా ఎగరదు.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. లోటె, కోచ్ యూదులు కారు. కానీ వాళ్ల ఆలోచనలు వామపక్షానివి, స్నేహితుల్లో చాలామంది యూదులు. ఆ గాలిలో ఉండలేక దేశం వదలాలనుకున్నారు. వదలడం సరే, చేర్చుకునేది ఎవరు? ఏ దేశమూ శాశ్వత వీసా ఇవ్వలేదు. టూరిస్టుల్లాగా ఒక దేశంలో వీసా ఉన్నన్నాళ్లు ఉండటం, గడువు తీరగానే పెట్టె సర్దుకుని ఇంకో దేశం పోవడం, ఎక్కడా కుదరకపోతే మళ్లీ బెర్లిన్. ప్రపంచం మెచ్చిన కళాకారిణి, చేతిలో పాస్‌పోర్టు ఉండి కూడా ఎక్కడా నిలవలేని మనిషి. కొన్నిసార్లు భార్యాభర్తలు చెరో దేశంలో ఉండాల్సి వచ్చేది. అన్నేళ్లలో కూడా ఆమె కత్తెర కింద పెట్టలేదు. లండన్‌లో తపాలా శాఖ ఫిల్మ్ యూనిట్‌కు పనిచేసింది. రెన్వా తన 'లా మార్సెయేజ్' సినిమాలో నీడలాట సీన్ ఆమె చేత చేయించాడు. కోచ్‌కు కూడా రెన్వా సినిమాల్లో పని దొరికింది.

యుద్ధం వచ్చాక ఇద్దరూ రోమ్‌లో ఉన్నారు. దర్శకుడు లుకీనో విస్కోంటి దగ్గర తలదాచుకున్నారు. 1944 నాటికి లోటె మళ్లీ బెర్లిన్‌లో ఉంది. తల్లికి జబ్బు చేసింది, చూసుకునేవాళ్లు లేరు. బాంబులు పడుతున్న ఊరికి, తాను వద్దనుకున్న ప్రభుత్వం కిందకు, తల్లి కోసం వెళ్లింది. అక్కడ బంగారు బాతు కథ మీద పని చేసింది. ప్రభుత్వ సంస్థ చేతి కింద చేసిన పని అది. దీన్ని కొందరు ఆమె లెక్కలో మైనస్ వేస్తారు. పిల్లల కథ తప్ప నాజీల పొగడ్త అందులో ఏమీ లేదు. ఆకలి, తల్లి జబ్బు, తల మీద విమానాలు ఉన్న రోజుల్లో ఆమెకు ఇంకే దారి ఉందో ఆ లెక్క వేసేవాళ్లే చెప్పాలి.

1945లో బెర్లిన్ కోసం జరిగిన పోరులో 'ప్రిన్స్ అహ్మద్' అసలు నెగటివ్ బూడిదైపోయింది. మోకాళ్ల మీద వంగి చేసిన మూడేళ్ల పని. అచ్చు వేసుకోవడానికి మూలం లేకుండా పోయింది.

1949లో దంపతులిద్దరూ లండన్ చేరారు. న్యూ బార్నెట్ దగ్గర కళాకారులంతా కలిసి ఉండే ఆబీ ఆర్ట్స్ సెంటర్‌లో ఇల్లు దొరికింది. ఇక్కడ పాత పరిచయం ఒకటి మళ్లీ ఎదురైంది. ఫిల్మ్ రీళ్లు కొన్న బ్యాంకర్ హాగెన్ కొడుకు పేరు కూడా లూయిస్ హాగెనే. యూదు కుటుంబం. పోస్ట్‌కార్డు మీద నాజీల గురించి ఒక జోక్ రాసినందుకు 1934లో అతన్ని నిర్బంధ శిబిరంలో వేశారు. బయటపడి బ్రిటన్ చేరి, వేరే పేరుతో బ్రిటిష్ సైన్యంలో చేరి ఆర్నెమ్‌లో పోరాడాడు. ఆ కుర్రాడే పెద్దవాడై, 1950ల మొదట్లో లోటె కోసం ప్రిమ్‌రోజ్ ప్రొడక్షన్స్ మొదలుపెట్టాడు. తండ్రి ఇచ్చింది ఖాళీ రీళ్లు, గ్యారేజీ గది. కొడుకు ఇచ్చింది కంపెనీ.

టీవీ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తోంది. పిల్లల కోసం పది నిమిషాల సినిమాలు కావాలి. లోటె రెండు మూడేళ్లలో డజనుకు పైగా తీసింది. అలాదీన్, సిండ్రెల్లా, నిద్రపోయే రాకుమారి, కప్ప రాకుమారుడు, కొంగగా మారిన ఖలీఫా. వీటిలో 'ధైర్యవంతుడైన చిన్న దర్జీ'కి 1955లో వెనిస్‌లో బహుమతి వచ్చింది. చూసిన పిల్లలకు తీసినామె పేరు తెలియదు. బొమ్మలు మాత్రం గుర్తుండిపోయాయి.

ఆ రోజుల్లోనే మంచి వార్త ఒకటి వచ్చింది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆర్కైవ్‌లో 'ప్రిన్స్ అహ్మద్' పాత కాపీ ఒకటి మిగిలి ఉంది. 1954లో దాని నుంచి కొత్త నెగటివ్ తీశారు. బెర్లిన్‌లో కాలిపోయిన షెహజాదా లండన్‌లో దొరికాడు.

1963లో కార్ల్ కోచ్ చనిపోయాడు. నలభై ఏళ్లకు పైగా కెమెరా వెనుక నిలబడిన మనిషి పోయాక లోటె సినిమాలు తీయడం మానేసింది. బొమ్మలు కత్తిరించడం మానలేదు. 1970లో నీడల థియేటర్లు, నీడల సినిమాలు ఎలా చేయాలో ఒక పుస్తకం రాసింది. తన కిటుకులేవీ దాచుకోలేదు. బొమ్మ కీళ్లు ఎక్కడ కట్టాలి, లైటు ఎంత ఎత్తులో ఉండాలి అన్నీ అందులో ఉన్నాయి.

జర్మనీకి ఆమె ఆలస్యంగా గుర్తొచ్చింది. 1972లో సినిమా రంగం తరఫున బంగారు పురస్కారం, 1979లో దేశ పౌర గౌరవం ఇచ్చారు. డెబ్బై ఏళ్లు దాటాక కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు పిలిచి సినిమా తీయమంది. మళ్లీ గాజు బల్ల ముందు కూర్చుని 'ఓకాసిన్, నికొలెట్' తీసింది. 1979లో ఇంకొకటి చేసింది. ఎనభై నిండాక 1980లో డ్యుసెల్‌డోర్ఫ్ ఫిల్మ్ మ్యూజియం కోసం నాలుగు ఋతువుల మీద చిన్న బొమ్మ చేసింది. అదే ఆఖరిది.

చివరి రోజుల్లో జర్మనీలోని ట్యూబింగెన్ దగ్గర డెటెన్‌హౌసెన్ అనే చిన్న ఊళ్లో స్నేహితుల కుటుంబంతో ఉంది. 1981 జూన్ 19న, ఎనభై రెండేళ్ల వయసులో అక్కడే కన్నుమూసింది. 1999లో, ఆమె పుట్టి వందేళ్లయిన సంవత్సరం, లండన్ కాపీ ఆధారంగానే 'ప్రిన్స్ అహ్మద్'ను బాగుచేసి, పాత రోజుల్లో అద్దిన పసుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మళ్లీ అచ్చు వేశారు. జెల్లర్ సంగీతాన్ని కూడా దానికి జత చేశారు. ఇప్పుడు బయట దొరికేది ఆ కాపీయే. ఆమె కత్తిరించిన బొమ్మలు చాలావరకు ట్యూబింగెన్ సిటీ మ్యూజియంలో ఉన్నాయి. చూడటానికి వెళ్లినవాళ్లకు, దగ్గరగా వంగి చూస్తే, మోచేతుల దగ్గర కట్టిన తీగ ముడులు కూడా కనిపిస్తాయి.